కలివిపొద అవతల ఎలుగు

మా చిన్నప్పుడు... మూడో తరగతి పిల్లలమంతా చేతులు పట్టుకుని, సుగుణమ్మ టీచర్ వెనక ఉదయగిరి కొండ కింద అడవిలో నడుస్తున్నాం. శనివారం పాఠం బడిలో కాదు, అక్కడే. ఆకు తుంచి చేతిలో పెట్టేది. వాసన చూసి పేరు చెప్పాలి. తంగేడు, బలుసు, రేల...

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. నేనూ, నా పక్కన కూర్చునే ఖాజాబీ, నల్లగా మాగిన కలివిపండ్ల కోసం వరుస తప్పాం. దోసిలి నిండేసరికి పిల్లల మాటలు వినిపించడం లేదు.

పొద అవతల ఏదో గుర్రుమంది...

కొమ్మల సందులోంచి చూశాను. ఎలుగుబంటి! గోళ్ళతో చెదపుట్టను తవ్వుతోంది. మట్టిపెళ్ళలు మా కాళ్ళ దగ్గరకొచ్చి పడుతున్నాయి.

"అమ్మీ..." అని ఖాజాబీ ఏడవబోతే నోరు మూశాను. నా గౌను తడిసిపోయిందని తర్వాతెప్పుడో గానీ తెలియలేదు.

దూరం నుంచి టీచర్ గొంతు. "ఏడుండారే! పలకండే!"

పలికితే అది వింటుంది. పలక్కపోతే టీచర్ వెళ్ళిపోతుంది... ఎలుగు తవ్వడం ఆపి తలెత్తింది.

వెనక నుంచి భుజం మీద ఒక చెయ్యి పడింది. ప్రాణం పోయిందనుకున్నాను. టీచర్!

"అరవబాకండి... పరిగెత్తబాకండి... మెల్లంగా ఎనక్కి రాండి" అంది గుసగుసగా. మమ్మల్ని వెనక్కి లాగి, మాకు అడ్డంగా నిలబడింది. ఆమె చీర కుచ్చెళ్ళు వణుకుతున్నాయి. ఎలుగు మీద నుంచి చూపు తిప్పకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేసింది. అది మా వైపే చాలాసేపు చూసి, మళ్ళీ పుట్టలో మూతి పెట్టింది.

వాగు దగ్గరకు రాగానే టీచర్ ఇసకలో కూలబడి, మా ఇద్దరినీ పొదువుకుని ఏడ్చింది. పెద్దవాళ్ళూ భయపడతారని అప్పుడే తెలిసింది... దాంతో నాకు ఇంకా భయమేసింది.

సోమవారం మా నాయన బడికొచ్చి అరిచాడు. "బిడ్డలకేమన్నా అయ్యుంటే ఎవురమ్మా జవాబు చెప్పేది?"

టీచర్ తల వంచుకుంది. అంతలో ఖాజాబీ లేచి, "ఎలుగ్గొడ్డుకి టీచరే అడ్డం నిలబడింది మామా!" అంది.

నాయన టీచర్‌కు దండం పెట్టి వెళ్ళిపోయాడు. అయినా అడవి పాఠాలు ఆగిపోయాయి...

ఇప్పుడు ఆత్మకూరులో మా పాప బడికి ఎత్తైన ప్రహరీ ఉంది. ఆకులన్నీ తెర మీదే చూపిస్తారు. మొన్న రేలచెట్టు కింద నిలబడి, "ఇదేం చెట్టమ్మా?" అంది...

మీ టీచర్లు మిమ్మల్ని ఎక్కడెక్కడికి తీసుకెళ్ళేవాళ్ళు? అక్కడ దేనికి భయపడ్డారు? చెప్పండి... మా పాపకు చదివి వినిపిస్తాను.