ఎంట వచ్చేటోళ్లు

మామ పోయాడు.

నిన్న సాయంత్రం అత్తమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, మీ మామ గొర్ల కాడ్నే పడిపోయిండు, ఇగ లేడు" అని ఏడ్చింది. వెంటనే బయలుదేరాను. బస్సు కల్వకుర్తి దాటినా నమ్మబుద్ధి కాలేదు.

అచ్చంపేట దగ్గర మా అమ్మమ్మ ఊరు. మామ మా అమ్మకు తమ్ముడు. ఊహ తెలిసినప్పటి నుంచి గొర్లే ఆయన లోకం.

స్మార్ట్‌ఫోన్ కొన్న కొత్తలో, "ఫాలోవర్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు.

"నీ ఎంట వచ్చేటోళ్లు మామా" అన్నాను.

మామ నవ్వలేదు. "ఎంట వచ్చేటోళ్లకు నీళ్లు సూపెట్టాలె గద" అన్నాడు.

ఇక రోజూ లైవే. ఏ కుంటలో నీళ్లున్నాయి, ఎక్కడ గడ్డి మొలిచింది, ఏ చేనుకు మందు కొట్టారు, అటు మంద తోలొద్దు.

ఈ పోస్టు చదువుతున్న చుట్టాలు, ఊరోళ్లు, మీరేమో హాహా రియాక్షన్లు. "మామా, డ్యాన్స్ ఎయ్" అని కామెంట్లు. ఆయనకు వెక్కిరింపు అర్థం కాలేదనుకున్నారా?

ఒకసారి నాకే మండి, బంద్ చెయ్ మామా అన్నాను.

"నవ్వనియ్యి బిడ్డా. గొర్లు గూడ మొదాల మాట ఇన్నయా? ఇన్నేండ్లు అడివిల నాకు నేనే మాట్లాడుకున్న. ఇప్పుడు ఇనేటోళ్లున్నరు."

అంత సంతోషంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

నిన్న మధ్యాహ్నం కూడా లైవ్‌లోనే ఉన్నాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఫోన్ బండకు ఆనించి ఉంది, అంతా కనిపిస్తోంది. గొర్లు వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

ఈ పొద్దున ఆ వీడియో చూశాను. కింద మీ కామెంట్లు కూడా చదివాను.

"మామ యాక్టింగ్ పీక్స్."

"లే మామా, కట్ చెప్పినం."

ఒకడు వరసగా నవ్వే ఎమోజీలు పెట్టాడు. వాడు మనోడే. వాడి ఫోన్‌లో అత్తమ్మ నంబర్ ఉంది. ఆమె ఆ టైమ్‌కు ఇంట్లోనే ఉంది, పిలిస్తే పరుగెత్తేది.

థూ, మీ బతుకులు చెడ!

దవాఖానలో డాక్టర్, "జర ముందు తెస్తే బతికేటోడు. పడ్డప్పుడు ఎవరూ చూడలేదా?" అని అడిగాడట.

"ఎవ్వలు సూస్తరు సారూ, ఒక్కడే ఉండె" అందట అత్తమ్మ.

ఆమెకు ఇప్పటికీ అంతే తెలుసు. దినాలకు వచ్చి ఆమె ముందు ఎవరూ నోరు తెరవకండి. ఒక్కడే ఉన్నాడని అనుకోనివ్వండి.

పోయి రా మామా. మనుషులు లేని జాగల నీ పాణం సల్లగుండాలె.