ఇళ్లు చూసిపెట్టే మా మేనత్త

మా మేనత్త పోయిందని రెండు వారాల కిందట పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి ఫోనొచ్చింది. నిద్రలోనే పోయిందట. నంద్యాల బస్టాండులో బస్సు కోసం నిలబడి నలుగురూ చూస్తుండగానే ఏడ్చేశాను. ఆమె పక్కనుంటే, "ఏడ్సేదేదో బస్సెక్కి ఏడువప్పా, సీటన్నా దొరుకుతాది" అనేది.

అత్త శ్రీశైలం డ్యాం పనుల్లో ఇంజనీరు. ఉద్యోగమంతా సున్నిపెంట క్వార్టర్సులో గడిపి, రిటైరయ్యాక ఆళ్లగడ్డ చేరింది. అప్పటినుంచి మా చుట్టాల్లో ఎవరు ఇల్లు కొనబోయినా ముందు ఆమె చూడాల్సిందే. మన వైపు ఇల్లు చూడటమంటే ఏమిటో మీకు తెలుసు కదా. వాకిలి ఎటుంది, వంటిల్లు ఏ మూలకుంది, పక్కింటివాళ్లెవరు. అంతటితో సరి. అత్త ముందుగా మిద్దెక్కి వాన నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూసేది. గోడల మీది క్యాలెండర్లు తీయించి వెనక చెమ్మ ఉందేమోనని తడిమేది. గుమ్మాలను తట్టి, చెదలు తిని లోపల డొల్లయిందేమో వినేది. ఇంట్లో అన్నీ ఆర్పించి, మీటరు ఇంకా తిరుగుతోందా అని చూసేది. బాత్రూములో బకెట్లతో నీళ్లు పోయించి, గోడకు అవతలి వైపు వెళ్లి నిలబడేది. అమ్మేవాళ్ల మొహాలు అప్పుడు చూడాలి!

చూడటం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో టీ కూడా ముట్టేది కాదు. "టీ తాగినాక తప్పు చెప్పబుద్ధి గాదు. ముందు ఇల్లు సూడనీండి" అనేది. మర్యాద తెలియని మనిషని కొందరు నొచ్చుకున్నారు. ఆమె పట్టించుకోలేదు.

మా ఇంటి సంగతి చెబుతాను. అద్దె ఇళ్లు మారీ మారీ మా ఆవిడ విసిగిపోయింది. నంద్యాలలో ఒక ఇల్లు చూసి మనసు పడింది. వెనక గదిలో కుట్టుమిషన్లు వేసుకుని సొంతంగా పని మొదలుపెట్టాలని ఆమె ఆశ. కానీ ఈశాన్యం గదిలో కిటికీ మూల నుంచి నేల దాకా గోడ ఏటవాలుగా చీలి ఉంది. పిల్లనిచ్చిన మా మామ దాన్ని చూడగానే, "ఈశాన్యం పగిలిన ఇల్లు ఊరికే ఇచ్చినా వద్దు" అన్నాడు. మా ఆవిడ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

అత్త వచ్చింది. చీలికను చూసి, నేరుగా బయటికి పోయి గోడకు ఆనుకుని ఉన్న నీళ్ల సంపు మూత తీయించింది. వాస్తు బాగుండాలని ఇంటాయన ఈశాన్యంలోనే, అంగుళం కూడా వదలకుండా గోడ పక్కనే తవ్వించాడు. అత్త సంపు అంచుదాకా నింపించి, చాక్‌పీసుతో గీత గీసి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దునకు నీళ్లు గీతకు జానెడు కిందికి దిగాయి.

"ఈశాన్యంలో నీళ్లుండాలంటిరి. ఉండాయి. పునాది కిందికి పోతాండాయి" అంది అత్త. "ఈడంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతాది, ఎండితే కుంచుకపోతాది. గోడ ఏం జేస్తాది పాపం?"

"అయితే ఇల్లు పనికిరానట్టే గదా" అన్నాడు మామ.

"ఎవురు సెప్పినారు? మిద్దె గట్టిగుండాది, దూలాలు బాగుండాయి. సంపు మూసి, దూరంగా ఇంగోటి తవ్వుకోండి. ఈశాన్యంలోనే తవ్వుకోండి, నేనేమన్నా వద్దంటినా?"

పగుళ్లెందుకో తెలిశాక ఇంటాయన కూడా తేలికపడ్డాడు. సంపు మూయించాడు. అత్త ఒక పలుచని గాజుముక్కను చీలికకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించింది. గోడ కదిలితే గాజు పగులుతుంది. "ఒక వానాకాలం పోనీ. పగలకపోతే కొనుక్కోండి" అంది.

"అంతలోకి ఇంగొకరు కొనుక్కుంటే?" అని అడిగాను.

"కొంటే కొననీ. అనుమానం పెట్టుకోని పిల్లల్ని పండబెట్టుకుంటావా?"

అంత దిగులుగా నేనెప్పుడూ వాన కోసం ఎదురుచూడలేదు. జోరువాన కురిసిన ప్రతిసారీ మా ఆవిడ గొడుగేసుకుని పోయి చూసి వచ్చేది. వానాకాలం ముగిసింది. గాజు పగల్లేదు. గృహప్రవేశం రోజున అత్త దేవుడి గదికంటే ముందు ఆ గోడ దగ్గరికే పోయింది. తర్వాత మా ఆవిడ గడ్డం పట్టుకుని, "ఇంగ మిషన్లు తెచ్చుకో అమ్మీ" అంది.

చాలామంది మేలు కోరి వద్దంటారు. అత్త మేలు కోరి తప్పెక్కడుందో కనుక్కునేది. ఇప్పుడు ఆ వెనక గదిలో ముగ్గురు ఆడవాళ్లు మా ఆవిడతోపాటు కుడుతున్నారు. అత్త రుణం నేను తీర్చుకోలేను.

అత్త దినం ముగించుకుని నిన్న తిరిగొచ్చాం. ముందే పిలిచి ఉంచిన రంగులాయన గోడ గీకుతూ, "ఈ గాజు పెరికేయనా అమ్మా?" అని అడిగాడు. మా ఆవిడ కత్తెర పక్కన పెట్టి గబగబా పోయింది. ఆయన చేతిలోని బ్రష్ తీసుకుంది. పగలని ఆ గాజు అంచుల చుట్టూ, దాని మీద చుక్క పడకుండా, తానే మెల్లగా రంగు వేసింది.