టబితా పెద్దమ్మ కొడుకుల గాజు ఫొటో

మా పెద్దమ్మ టబితా రస్క్ మగ్గం నేసేది. కెంటకీ కొండల్లో మా ఊరివాళ్ళలో సగం మంది ఒంటిమీద ఉన్నది ఆమె నేసిన ఉన్నిబట్టే. పెదనాన్న పోయాక ఇద్దరు కొడుకుల్నీ ఆ మగ్గం మీదే పెంచింది. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చిన ఏడు పెద్దవాడు ఏమోస్ దక్షిణాది సైన్యంలో చేరతానన్నాడు, చిన్నవాడు జోయెల్ ఉత్తరాదిలో. మొక్కజొన్న రొట్టెల ముందు కూర్చుని కొట్టుకున్నంత పని చేశారు.

"పోండి, మీ ఇష్టం," అంది పెద్దమ్మ. "పోయేముందు ఇద్దరూ కలిసి ఒక్క ఫొటో తీయించి ఇచ్చి పోండి."

సంతలో డేరా వేసుకున్న ఫొటోలాయన ముందు దక్షిణాది బూడిదరంగు కోటుతో ఏమోస్, ఉత్తరాది నీలం కోటుతో జోయెల్ కూర్చున్నారు. ఆయనకు నవ్వాగలేదు. "ఏమయ్యా, రేపు కాల్చుకోబోయేవాళ్ళు ఇవాళ భుజాలు రాసుకుంటున్నారేంటి?"

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడట ఏమోస్.

అరచేతిలో పట్టే గాజుపలక మీద తీసిన ఆ ఫొటోను పెద్దమ్మ మగ్గం పైన పెట్టుకుంది. మా ఊరు ఉత్తరాది పక్షం. దుప్పట్ల కోసం వచ్చిన ఊరి కాపలాదళం నాయకుడి కళ్ళు దానిమీద పడ్డాయి.

"ద్రోహి మొహం ఇంట్లో పెట్టుకున్నావా? ఆ గాజుమీద గీకితే మాయమైపోతాడు. కత్తి ఇమ్మంటావా?"

"ఇయ్యి నాయనా. ముందు నన్ను గీకు, తర్వాత వాణ్ణి గీకుదువుగాని."

అతను దుప్పట్లు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆమెకు నేతపని ఇవ్వలేదు. ఆమె నేసిన బట్టను కొండ దాటి వెళ్ళి అమ్ముకుంది.

మరుసటి ఏడు ఆకురాలే కాలంలో ఏమోస్ ఒక పల్లె దగ్గర జరిగిన పోరులో పోయాడని కబురొచ్చింది. పెద్దమ్మ మా నాన్న బండి అడిగింది.

"దారినిండా సైనికులు వదినా," అన్నాడు నాన్న.

"ఉండనీ మరిదీ. నేనేమన్నా దొంగతనానికి పోతున్నానా?"

ఆ పోరు జరిగిన పల్లెలో ఇంటింటికీ తిరిగి ఫొటో చూపించింది. చివరికి ఒక ముసలావిడ ఏమోస్ మొహం మీద వేలు పెట్టింది. "ఈ అబ్బాయి మా కొట్టంలోనే పోయాడమ్మా. పెరట్లో మేమే పూడ్చాం." పెద్దమ్మ కొడుకును అక్కణ్ణుంచి తవ్వించి, బండిలో ఇంటికి తెచ్చుకుంది.

పాస్టరుగారు చర్చి శ్మశానం గేటు తెరవలేదు. "ద్రోహికి ఇక్కడ చోటు లేదు టబితా."

"మట్టి దేవుడిదనుకున్నాను. మీదా? సరే, నాక్కూడా కాస్త ఉంది."

తన మొక్కజొన్న చేలో తనే తవ్వడం మొదలుపెట్టింది. గాయపడి సెలవు మీద ఇల్లు చేరుతున్న జోయెల్ రోడ్డు మీంచి అది చూశాడు. నీలం కోటు, కట్టు కట్టిన చెయ్యి. బండిలో ఉన్నది ఎవరో, ఎక్కడ పోయాడో మా నాన్నను అడిగి, గొయ్యి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ రోజు అక్కడ నేనూ ఉన్నాను. అన్నకు తగిలింది నా తూటాయేనేమో."

పెద్దమ్మ తవ్వడం ఆపింది. కొడుకు మొహంలోకి చూసింది.

"నీదో, ఇంకొకడిదో. నాకు తెలీదు, నీకూ తెలీదు. గొయ్యి మాత్రం తవ్వాలి. పార పట్టుకో."

ఒంటిచేత్తో తవ్వాడు. ఏడుస్తూనే తవ్వాడు. నాన్నా నేనూ మట్టి తోడాం.

ఆ చలికాలం కొండ అవతలి నుంచి ఒకావిడ బండిలో శవాన్ని వేసుకుని తోలుకుంటూ వచ్చింది. సైన్యం నుంచి పారిపోయినందుకు కాల్చేసిన తన భర్తను వాళ్ళ చర్చి శ్మశానంలో పూడ్చనివ్వలేదట. "ఇక్కడ చోటుంటుందన్నారమ్మా," అంది. పెద్దమ్మ మారుమాట లేకుండా పార తీసుకుంది. తర్వాత ఇంకా వచ్చారు, రెండు పక్షాలవాళ్ళూ. నా పెళ్ళినాటికి ఆ చేలో సగం సమాధులే. మిగతా సగంలో ఆమె ఏటేటా మొక్కజొన్న వేస్తూనే ఉంది.