బ్రెడ్డు కొట్లో బావగారు

మా అక్కతో, బావగారితో కలిసి నేనూ యూరప్ టూర్‌కి వెళ్లొచ్చాను. అప్పట్నుంచీ ఫ్రెంచివాళ్ల మాటొస్తే చాలు, "వట్టి పొగరుబోతులండీ, మనల్ని మనుషుల్లా చూడరు" అంటారు బావగారు. తెనాలిలో మా వీధి వీధంతా నమ్మేసింది. మరి ఆయన చూసొచ్చారు కదా! పక్కింటాయన కూతురికి ఫ్రాన్స్‌లో చదువుకోవడానికి సీటొస్తే, ఈయన మాట విని వద్దనేశాడు.

ఇంతకీ ఏం చూశారు? టూరువాళ్ల వంటమనిషి కలిపిన పులిహోర తింటూ బస్సు అద్దంలోంచి పారిస్‌ని చూశారు. ఒక్కసారి దిగి బ్రెడ్డు కొట్లోకి వెళ్లారు. కొట్టావిడ నవ్వుతూ "బోంజూర్" అంది. అది వాళ్ల నమస్కారం. ఈయన ఆవిడ మొహమైనా చూడకుండా అద్దాల బీరువా మీద వేలితో టకటకా కొట్టారు. ఆవిడ మళ్లీ "బోంజూర్" అంది. ఈయన మళ్లీ కొట్టారు. ఆవిడ మొహం మాడ్చుకుని బ్రెడ్డు ఇచ్చింది. నేనైతే అదీ ఇచ్చేదాన్ని కాదు.

మొన్న రేపల్లెలో పెళ్లికి వెళ్లాం. మండపం గుమ్మంలో ఎవరూ "రండి" అనలేదని బావగారు మమ్మల్ని భోజనం చెయ్యనివ్వకుండా కారెక్కించారు. దారి పొడుగునా ఒకటే తిట్లు.

"గుమ్మంలోకొచ్చిన మనిషిని పలకరించాలన్న ఇంగితం లేదు! ఫ్రెంచోళ్ల కన్నా హీనం!"

పక్కన అక్క ఆకలికి సోలిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ బ్రెడ్డు కొట్టావిడ రెండుసార్లు పలకరించింది బావగారూ," అన్నాను. "పలకంది మీరే."