మామయ్య గోల్ఫుకి నేను తవ్విన కాలవ

రేపల్లె చుట్టూ ఉన్న కాలవలు చాలవని నేనొకటి తవ్వించాను. సాగుకి కాదు, తాగడానికీ కాదు, మా మామయ్య గోల్ఫు ఆడుకోవడానికి! దాంతో నా పరువు ఎలా మునిగిందో చెబుతాను, మీరే నవ్వుకోండి.

అరవైల చివర్లో నేను బాపట్లలో కాలవల ఓవర్సీరుని. మామయ్య నీలగిరి టీ తోటల్లో పనిచేస్తూ, పక్షవాతం వచ్చి సొంతూరు రేపల్లె చేరాడు. కుడి చెయ్యి పట్టు తప్పింది. "నడవాలి, చెయ్యి ఆడించాలి" అని డాక్టరు చెప్పినా ఆయన మంచం దిగడే! తోటల్లో ఉన్నప్పుడు గోల్ఫంటే ప్రాణమని, ఆ కర్రా బంతులూ వెంటే తెచ్చుకున్నాడని అత్తయ్య చెప్పింది. ఇంకేముంది, ఇంటి వెనక ఎండిన వరిచేలో మైదానం నేనే వేస్తానన్నాను.

కర్రతో బంతిని కొట్టి గుంటలో వెయ్యాలి. ఆ ఆట గురించి నాకు తెలిసింది అంతే. ఎంత కష్టంగా ఉంటే అంత గొప్ప మైదానం అనుకున్నాను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అడ్డంగా కాలవ తవ్వించి, నీళ్లు పెట్టించి, అవతల గుంటగా ఓ పాలడబ్బా పాతాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

మామయ్య కొట్టాడు. బుడుంగు! మళ్లీ కొట్టాడు. బుడుంగు! నాలుగో బంతికి కర్ర నా చేతిలో పెట్టి, "ఇక నా వల్ల కాదురా" అని వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

"ఏరా, నువ్వు ఒక్కసారైనా కొట్టి చూశావా?" అంది అత్తయ్య.

"నేను కట్టేవాణ్ని అత్తయ్యా, ఆడేవాణ్ని కాదు."

"అయితే ఇప్పుడు ఆడు!"

ఆడాను. బంతి ఉన్నచోటే ఉంది, నేనే కాలవలో పడ్డాను. బురదలోంచి లేచేసరికి కిటికీలోంచి నవ్వు వినిపించింది. జబ్బు చేశాక మామయ్య నవ్వడం అదే మొదటిసారి. నాకు సిగ్గూ ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

"కాలవ ఉండనీరా. కానీ పక్కన దారి ఇవ్వు. భయపడేవాడు అటునుంచి వస్తాడు" అన్నాడు.

మర్నాడు సగం కాలవ పూడ్పించాను. మామయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. నేను పొడి నేల మీద నిలబడి, "ఇటు మామయ్యా, ఇటు!" అని బస్సు కండక్టరులా కేకలు పెట్టాను. ఆయన నావంక ఓసారి చూసి, తిన్నగా నీళ్ల మీదికే కొట్టాడు. బుడుంగు!

"అయ్యో, దారి ఇచ్చాను కదా మామయ్యా!"

"ఇచ్చావు కాబట్టే ఇటు కొట్టాను. నిన్న నా బంతిని నువ్వు నీళ్లలో పడేశావు, ఇవాళ నేనే పడేసుకున్నాను. ఇంకో బంతి తేరా!"

పంచె ఎగ్గట్టి, బంతి కోసం బురదలోకి దిగుతూ అత్తయ్య సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ముందు నేను పడి చూడకుండా ఎవరికీ కాలవ తవ్వను.