గూళూరు వాళ్ల రక్తం

2006లో నన్ను చింతామణి నుంచి చిక్కబళ్లాపురంలోని ఒక ఆస్పత్రి బ్లడ్ బ్యాంకుకు సీనియర్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. హోదా పెద్దదే. నా కింద పనిచేసే సిబ్బంది మాత్రం ఒక ఫ్రిజ్జు.

ఆ ఏడే బాగేపల్లి దగ్గరి గూళూరు నుంచి ఒక బాలింతను తెచ్చారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. ఓ పాజిటివ్. వెంట టెంపో నిండా చుట్టాలు దిగారు. ఆ గ్రూపు రక్తం ఫ్రిజ్జులో రెండే సంచులున్నాయి. క్రాస్‌మ్యాచ్, అంటే దాత రక్తం రోగి రక్తంతో పొసగుతుందో లేదో చూసే పరీక్ష, చేసి రెండూ వార్డుకు పంపాను. తీసుకున్నన్ని సంచులు బంధువులు తిరిగి నింపాలన్నది మా నియమం. ఆ మాట వరండాలో చెప్పానో లేదో, ఒకరికి షుగరొచ్చింది, ఒకరికి ఉపవాసం గుర్తొచ్చింది, మిగిలినవాళ్లకు కాఫీ దాహం వేసింది.

భర్త మాత్రం చొక్కా చెయ్యి మడిచాడు. వాళ్లమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వాడు బోరు పైపులు మోసే బిడ్డప్పా. రక్తం తీస్తే వాని ఒంట్లో ఇంకేముంటాది? అయినా కోడలికి మావోళ్ల రక్తమే ఎక్కించల్ల, పరాయోళ్లది వద్దు."

మీవాళ్లలో ఎవరిస్తారని అడిగాను. ఆ 'మావోళ్లు' గోడలు చూశారు.

"ఇప్పటికే ఎక్కిస్తాండారమ్మా. పోయిన వారం బాగేపల్లి శిబిరంలో ఎవరో ఇచ్చిపోయినారు" అన్నాను.

ఆమె కొడుకు మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించింది. "బాగేపల్లా? అట్లయితే మనోళ్లదే అయ్యుంటాది లే."

కోడలు బతికింది. రేపొచ్చి ఇస్తామని అందరూ మాటిచ్చి టెంపో ఎక్కారు.

మర్నాడు మధ్యాహ్నం మండికల్ నుంచి ఇంకో బాలింత వచ్చింది. అదే రక్తస్రావం, అదే గ్రూపు. ఫ్రిజ్జులో ఆ అర ఖాళీ. డాక్టరుగారు ఆంబులెన్సులో బెంగళూరుకు పంపించారు. దారిలో దేవనహళ్లి దాటకముందే ఆమె ప్రాణం పోయిందని డ్రైవరు తిరిగొచ్చి చెప్పాడు.

సాయంత్రం గూళూరు భర్త ఒక్కడే వచ్చాడు. "మాయమ్మకు చెప్పొద్దు సార్" అంటూ మంచమెక్కాడు. అతనిదీ ఓ పాజిటివే. నాకు ఒళ్లు మండింది. అయినా తీసుకున్నాను. పరీక్షలన్నీ ముగిసి ఆ సంచి వాడకానికి వచ్చేసరికి మరుసటి రోజయింది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. రోగి వచ్చాక ఇచ్చే రక్తం సాధారణంగా ఆ రోగికి అందదు, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. మండికల్ ఆమెకు కావలసింది ముందురోజే ఎవరో ఇచ్చి ఉండాలి. ఆ ముందురోజు మా వరండా నిండా మనుషులున్నారు.