బూడిదప్ప దగ్గు

ఆ రోజుల్లో ఎవరైనా ఏదైనా పోగొట్టుకుంటే ముందు వెతుక్కునేవారు. నేను ముందు కూడిక వేసుకునేవాణ్ణి. అందుకే ఆళ్లగడ్డలో మా చిన్నాయన శిల్పాల షెడ్డులో పనిచేసిన కాలంలో, ఒక పిల్లి దగ్గు పుణ్యాన పోయినవన్నీ ఇప్పటికీ వేళ్ల మీద చెప్పగలను. వంటింట్లో వేరుశనగ నూనె పోసుకునే గరాటు ఒకటి. మా జేజి (మా నాయన తల్లి) కట్టుకునే నేత చీర ఒకటి. రాయి కోసే యంత్రానికి నీళ్లు కారే రబ్బరు గొట్టం మూరెడు. నంద్యాల బస్సులో అరుదుగా దొరికిన కిటికీ సీటు ఒకటి. చివరగా, లెక్క తప్పనివాడన్న నా పేరు. వీటిలో మొదటి నాలుగూ మళ్లీ కొన్నాం, లేదా మళ్లీ దొరికాయి. అయిదోది దొరకలేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఇంటర్ దాటలేదు గానీ లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఎంత వంకరటింకర రాయినైనా టేపుతో కొలిచి ఎన్ని ఘనపుటడుగులో నోటితో చెప్పేవాణ్ణి. లారీ డ్రైవర్లు నన్ను సారూ అనేవారు. ("రాళ్లు కొలుస్తాడు గానీ నలుగురికి ఎన్ని బియ్యం పొయ్యాల్నో తెలీదు" అనేది జేజి.) ఆ షెడ్డులో నాకంటే సీనియరు ఒక గండుపిల్లి. పుట్టుకతో దాని రంగు నల్లదో తెల్లదో ఎవరికీ తెలియదు; రాతి పొడిలో పడుకుని పడుకుని బూడిద రంగుకు తిరిగింది. జేజి దానికి బూడిదప్ప అని పేరు పెట్టింది. తన పళ్లెంలోది తీసి పెట్టేది, తన మంచం కాళ్ల దగ్గరే పడుకోబెట్టుకునేది. చెక్కడం పూర్తికాని అమ్మవారి ఒడిలో అది పడుకుంటే చిన్నాయన ఆ రోజుకు ఉలి పక్కన పెట్టేవాడు.

ఆ పిల్లి దగ్గడం మొదలుపెట్టింది. మెడ ముందుకు సాచి, పొట్ట నేలకు ఆనించి, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గేది. ఆ సమయానికే చిన్నాయన కూతురు, మా అక్క, కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మనవరాలిని చూడ్డానికి రుద్రవరం నుంచి వచ్చిన అక్క అత్త తొట్టి దగ్గర కూర్చుని ఇంకా బిడ్డ ముక్కు ఎవరి పోలికో తేల్చలేదు, మంచం కింద బూడిదప్ప దగ్గింది.

"ఏందీ ఇది? మనిషి మాదిరి దగ్గుతాంది!" అందామె. "పసిబిడ్డ ఉండే ఇంట్లో ఈ దగ్గేందప్పా? నామకరణానికి మళ్లొస్తా. ఆ పొద్దుకు ఈ పిల్లి ఈడ ఉండకూడదు. గోనెలో కట్టి నల్లమల అంచున ఇడిచిపెట్టండి. లేదంటారా, బిడ్డను, తల్లిని నేను తోలుకొని పోతా."

ఆమె వెళ్లాక జేజి ఆ పూట అన్నం తినలేదు. "దాన్ని కట్టే గోనె కొంచెం పెద్దది చూడరా. నేనూ దూరాల" అంది కొడుకుతో. చిన్నాయన పనివాళ్లందరూ అనే మాటే చెప్పాడు: "అది రాతి పొడి దగ్గేనమ్మా. నాకు లేదా? ఇంక ఈ మిషను ఆడుతున్నన్ని దినాలు తగ్గదు." అక్కడ నా బుర్ర పనిచేసింది. మిషను ఆడిన పూట పిల్లి ఎన్నిసార్లు దగ్గిందో, కరెంటు పోయి షెడ్డు మూసిన పూట ఎన్నిసార్లు దగ్గిందో వారం పాటు ఎంచాను. రెండూ ఇంచుమించు ఒకటే. పొడి కారణమైతే కరెంటు లేనప్పుడు తగ్గాలి కదా? ఈ సంగతి గట్టిగా ప్రకటించాను. "అయితే ఏందంటావ్?" అన్నాడు చిన్నాయన. అంతవరకు నేను ఆలోచించలేదు. "నంద్యాల పోదాం" అన్నాను.

పిల్లిని కోళ్ల గంపలో పెట్టి, పైన తువాలు కట్టి, నంద్యాల బస్సెక్కాను. కిటికీ సీటు దొరికిందని సంతోషించేలోపు గంప దగ్గింది. పక్కాయన అటు జరిగాడు. గంప ఇంకోసారి దగ్గింది. శిరివెళ్లలో ఎక్కిన ఒకామె, "ముసలోళ్లను గంపలో పెట్టి తీసుకపోతారా అప్పా?" అని అడిగింది. కండక్టరు నన్ను డోరు దగ్గర నిలబెట్టాడు.

పశువుల ఆసుపత్రిలో మా ముందు వరసగా బర్రెలు. వాటి మధ్య ఒళ్లో గంపతో కూర్చోవడం అంత గౌరవంగా ఉండదు. డాక్టరమ్మ గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినావిడ. పిల్లి గుండెల మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఇది నత్తలు తింటుందా అండీ?" అని అడిగింది. రాయి కోసే నీళ్ల తొట్టి చుట్టూ ఎప్పుడూ తడే, ఆ తడిలో నత్తలు కొల్లలు. బూడిదప్ప వాటిని పంటి కింద పటపటలాడించడం నేను చూశాను. "అయితే ఊపిరితిత్తుల్లో పురుగులు ఉండొచ్చు. నత్తలోంచి వస్తాయి. నత్తను మింగిన బల్లినో ఎలుకనో తిన్నా వస్తాయి. ఆస్తమా అయినా ఇలాగే దగ్గుతుంది. చూడకుండా చెప్పలేను."

"పసిబిడ్డకు అంటుతాదా మేడం?"

"ఏమిటో తేలకుండా అంటదని ఎలా చెప్పమంటారు?"

ఆమె చెప్పిన పరీక్ష ఇది. ఊపిరితిత్తుల్లో పుట్టిన పురుగు పిల్లలు దగ్గుతో పాటు గొంతులోకి వస్తాయి, పిల్లి వాటిని మింగుతుంది, అవి దాని మలంలో బయటపడతాయి. తాజా మలాన్ని పలుచటి గుడ్డలో మూటగట్టి, గరాటులో గోరువెచ్చటి నీళ్లు పోసి, మూటను అందులో మునిగేలా వేలాడదీయాలి. గరాటు కాడకు రబ్బరు గొట్టం తొడిగి కింద క్లిప్పుతో బిగించాలి. రాత్రంతా అలా ఉంచితే పురుగులు వాటంతటవే గుడ్డలోంచి బయటికొచ్చి, ఈదలేక గొట్టం అడుక్కి దిగుతాయి. తెల్లారి ఆ అడుగు నీళ్లు సీసాలో పట్టి తెస్తే ఆమె సూక్ష్మదర్శినిలో చూస్తుంది. "ఒకసారి కనిపించకపోతే లేవని కాదు. ఇవి రోజూ రావు. మూడు రోజులవి చూడాలి" అని కూడా చెప్పింది. నాకీ ఏర్పాటు ఎంతో నచ్చింది. ఎవరూ వెతకనక్కర్లేదు, దొంగే నడిచొచ్చి స్టేషన్లో కూర్చుంటాడు.

రాయి కోసే మిషను గొట్టంలోంచి మూరెడు కోసుకుని, గరాటు కోసం వంటింట్లోకి వెళ్లాను. దాన్ని దేనికి వాడానో తెల్లవారి జేజికి తెలిసింది. "ఆ గరాటుతోనా నాయనా!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పిల్లి మీద ప్రేమ ఎంతున్నా, గరాటు మళ్లీ గడప దాటి లోపలికి రాలేదు.

మొదటి సీసా షెడ్డు వెనక మన్నులో తవ్వి తీసిన సరుకుతో తయారైంది. (పిల్లి తన పని తాను పూడ్చుకుంటుంది కదా.) డాక్టరమ్మ చూసి, నన్నూ చూడమంది. ఒక్క చుక్కలో పురుగులు ఒకదాని మీదొకటి మెలికలు తిరుగుతున్నాయి! "దొరికినాయి మేడం! ఎంచేదానికి గూడ వీల్లేదు!" అని అరిచాను. బయట బర్రె ఒకటి బెదిరింది. ఆమె నవ్వింది. "ఇవి మట్టి పురుగులండీ. ఏ మట్టిలోనైనా ఉంటాయి. తోక చూడండి, సూదిలా తిన్నగా ఉంది. పిల్లి పురుగుకి తోక చివర వంకర తిరిగి, చిన్న ముల్లు ఉంటుంది. మట్టి అంటనిది తెండి."

రెండోసారి చిన్నాయన బాధ్యత తీసుకున్నాడు. "మన్ను అంటకూడదు, అంతే గదా? రాతి మీద ఆవగింజంత పొడి లేకుండా తుడిచే చెయ్యిరా ఇది. నాకు చెప్తావా?" అని, విగ్రహాన్ని అప్పగించే ముందు ఏం చేస్తాడో సరిగ్గా అదే చేశాడు. కుళాయి కింద కడిగాడు. ఎండలో ఆరబెట్టాడు. అమ్మవారి ముక్కుపుడక సందుల్లో దుమ్ము తీసే మెత్తటి కుంచెతో నాలుగు వైపులా దులిపాడు. అది గులకరాయిలా తళతళలాడింది. గరాటులో రాత్రంతా ఉన్నా నీళ్ల రంగు కూడా మారలేదు. డాక్టరమ్మ చుక్క మీద చుక్క చూసింది, ఏమీ లేదు. నేను జరిగింది చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది. "పురుగులు కొన్ని కాలవలోకి పోయాయి, మిగిలినవి ఎండలో పోయాయి. మీ బాబాయిగారికి నా నమస్కారం చెప్పండి" అంది.

నామకరణం ఇక దగ్గరపడింది. బూడిదప్పను ఖాళీ గదిలో, నున్నగా పాలిష్ పట్టిన నల్లరాతి పలక మీద పెట్టి తలుపు వేశాం. మన్ను లేదు, పొడి లేదు. కానీ పిల్లి మొరాయించింది. గోకడానికి ఏమీ లేని చోట దానికి పని జరగదు. రాతిని గోకింది, మా వైపు చూసింది, దగ్గింది, పడుకుంది. మర్నాడూ అంతే. నేనూ చిన్నాయనా కిటికీలోంచి తొంగి చూస్తూ నిలబడ్డాం.

"ఇద్దరు మొగోళ్లు గుడ్లప్పగించి చూస్తాంటే యాడ పోతాదిరా? దానికి మరుగొద్దా?" అని జేజి మమ్మల్ని తరిమింది. చేతికందిన తన నేత చీరను గది మూలకు అడ్డంగా కట్టింది. సగం చించి పీలికలు చేసి పలక మీద పరిచింది. "పో నాయనా, బేగా కానీ. నీ ప్రాణం నీ కడుపులోనే ఉంది" అని చెప్పి బయటికొచ్చి గడపలో మాకు అడ్డంగా కూర్చుంది. కాసేపటికి లోపల గుడ్డ పీలికలు గోకిన చప్పుడు వినిపించింది. జేజి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఈసారి చుక్కలో ఒక్కటే కనిపించింది. తర్వాత ఇంకొకటి. నెమ్మదిగా మెలిక తిరుగుతోంది. తోక చివర పిల్లకాలవలా వంకర, ఆ వంకర మీద సన్నటి ముల్లు. అరవలేదు నేను. "ఇదేనా మేడం?" అన్నాను చిన్నగా. "ఇదేనండీ. మనుషులకు అంటదు. బిడ్డకు భయం లేదు. మందు వరసగా వెయ్యండి, నత్తల దగ్గరికి పోనివ్వకండి. దగ్గు మాత్రం..." అని ఇంకేదో చెబుతోంది. నా కన్ను సూక్ష్మదర్శినికే అతుక్కుని ఉండటంతో చెవి పనిచేయలేదు.

ఇంటికొచ్చి ఆ పురుగును జేజికి చూపించాలని ఒక పగిలిన రాతి పలక మీద బొగ్గుతో గీశాను. చిన్నాయన చూసి తట్టుకోలేకపోయాడు. "ఏమిరా ఆ గీత? నులకతాడు మాదిరి ఉంది. జరుగు." ఉలి తీసుకున్నాడు. నేను చెబుతుంటే మెలికలు తిప్పాడు, తోక వంచాడు, ముల్లు తేల్చాడు. కంటికి ఆనని పురుగు మూరెడు పొడవున, ఎంతో అందంగా లేచింది. నూనె రాసి, ఆరడానికి షెడ్డు ముందర నిలబెట్టాడు.

నామకరణం పొద్దున అక్క అత్త ఆటో దిగింది. చేతిలో పసుపు కుంకుమల పళ్లెం. గుమ్మం కంటే ముందు రాయి కనిపించింది. మాలో ఎవరైనా నోరు తెరిచేలోపు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చెంపలు వేసుకుంది.

"పడగ చెక్కకుంటిరే? ఏ నాగప్ప ఇది?"

చిన్నాయన ఆకాశం చూశాడు. నేను నిజం చెప్పాను. "నాగప్ప కాదత్తా. మా పిల్లి ఊపిరితిత్తుల్లో పురుగు."

ఆమె చేతిలో కుంకుమ చూసుకుంది, రాయిని చూసింది. ఎవరూ నవ్వలేదు (అక్క ముఖం మీదకు కొంగు లాక్కుంది). నేను గబగబా గరాటు, గుడ్డ, వంకర తోక, బిడ్డకు అంటదన్న డాక్టరమ్మ మాట, అన్నీ అప్పజెప్పాను. ఆమె చివరిదాకా విని, "పెట్టిన బొట్టు తుడవకూడదు. బొట్టు పెట్టినాక దాని పిల్లిని యాడికి తోలేది? ఉండనీండి" అంది. జేజి కళ్లొత్తుకుంది. "అయితే అబ్బోడా, మందు పడింది గదా. ఇంక దగ్గదు అంటావు?"

"దగ్గదత్తా. లెక్కే లెక్క. దగ్గితే దగ్గుకొక ప్రదక్షిణ చేస్తా ఈ రాతికి."

ఆ మాట గాలిలో ఉండగానే బూడిదప్ప మంచం కింద దగ్గింది. "ఒకటి" అంది జేజి. పురుగు చచ్చినా దగ్గు పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరమ్మ చెప్పిందట. నేను సూక్ష్మదర్శినిలో ఉన్నప్పుడు. నా పక్షాన ఉంటుందనుకున్న జేజి, నేను అక్క అత్తకు మాట ఇచ్చినందుకు ఒక్క దగ్గు కూడా వదలకుండా ఎంచింది. నెల తిరిగేసరికి బూడిదప్ప మళ్లీ గోడలు దూకుతోంది. లెక్క మాత్రం నూట నలభై దాటింది.

కొన్ని అప్పుడే తిరిగాను. కొన్ని పండగలకు వెళ్లినప్పుడు తిరిగాను. ఆ పిల్లి ముసలిదై, జేజి మంచం కాళ్ల దగ్గరే నిద్రలో పోయింది. జేజీ పోయింది. తొట్టిలోని బిడ్డ ఇప్పుడు నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. రాయి ఇంకా షెడ్డు ముందే ఉంది. రాళ్లు కొనవచ్చినవాళ్లు ఎవరో ఒకరు పసుపు రాసి పోతూనే ఉంటారు. మిగిలినవి ఒక పొద్దున తిరిగేస్తే అయిపోతాయి. మోకాళ్లు అంత చెడిపోలేదు. కానీ జేజి ఎంచిన లెక్కల్లో ఇప్పటికి మిగిలింది అదొక్కటే. అక్క అత్త ఏ పెళ్లిలో కనిపించినా పలకరింపు కంటే ముందు ఆ మాటే అడుగుతుంది: "ఏమప్పా, ఇంకా ఎన్ని?"

"పదిహేడత్తా" అంటాను.